కత్తిరించిన రెండు సెకన్లు

మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
సోమవారం ఉదయం

గడుగ్గాయికి,

అత్తయ్య ఆశీస్సులు. నీ ఉత్తరమూ, దానితోపాటు పంపిన చిత్రమూ అందాయి. శిక్షణ సంస్థవాళ్ళు ఎంపిక కోసం పది నిమిషాల సినిమా అడిగారని, గడువు ఎనిమిది నెలలే ఉందని, కథ మాత్రం ఎంత వెతికినా దొరకడం లేదని రాశావు. కథ సంగతి తర్వాత చూద్దాం. ముందు నీ కెమెరా సంగతి చూడాలి. ఆరు నిమిషాల్లో అది ఒక్క చోటైనా కుదురుగా నిలబడలేదు. చూడడం రానివాళ్ళే కెమెరాని అలా తిప్పుతారమ్మా, ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి దొరక్కపోతుందా అని.

ముప్పై నాలుగేళ్ళు నేను చేసింది కంటిన్యుటీ పని. ముందు షాట్‌లో గ్లాసు ఎడమ చేతిలో ఉంటే తర్వాతి షాట్‌లో కుడి చేతిలోకి పోకుండా కాపలా కాయడం. ఎదురుగా 'అమ్మా' అనేవాళ్ళు, వెనకాల 'పోలీసమ్మ' అనేవాళ్ళు. ఈ పోలీసమ్మ మాట విను. రోజూ ఊరంతా తిరిగి తీసేకంటే వారానికి ఒక్క షాట్ తియ్యి. ఆదివారం నాలుగింటికి మీ హాల్లో కెమెరా పెట్టు. ఒక మనిషి వీధి తలుపు తీసుకుని లోపలికి వస్తాడు, తలుపు వేస్తాడు, సంచీ దింపుతాడు, కుర్చీలో కూర్చుంటాడు. అంతే. ప్రతి వారం అదే షాట్, అదే చోటు నుంచి. 'కట్' అన్నాక కూడా అరవై లెక్కపెట్టాకే కెమెరా ఆపు. ఏం చూశావో పుస్తకంలో రాయి. మీ నాన్నకంటే చెప్పినమాట వినే నటుడు నీకు దొరకడు, వాణ్ణే పట్టు.

మెమరీ కార్డు ఉత్తరంలో పెట్టి పంపు. ఫోన్ మాత్రం చేయకు, నా చెవులు మూలపడి రెండేళ్ళయింది. పైగా ఫోన్లో మనుషులు అనుకున్నది చెబుతారు. ఉత్తరంలో అయితే చూసింది రాస్తారు.

మీ అత్తయ్య


ఇంట్లో, నాన్న కుట్టు గది
తొమ్మిదో ఆదివారం అయ్యాక

అత్తయ్యకు నమస్కారాలు.

తొమ్మిది షాట్లు పంపుతున్నాను. మొదటి వారం చూసి నవ్వకండి. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చి, కుర్చీలో కూర్చుని నేను పనిచేసే ఫోటో స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నట్టు కెమెరాలోకి గుడ్లప్పగించి చూశాడు. రెండో వారం సంచీ దింపడం మర్చిపోయి ఒళ్ళో పెట్టుకున్నాడు. మూడో వారానికి దారిలో పడ్డాడు. ఇప్పుడు నాలుగు కొట్టేసరికి తనే మిషను ఆపి, ఒంటిమీద దారప్పోగులు దులుపుకుని, "ఏమ్మా, నన్ను బయటికి గెంటుతావా?" అని తనే వెళ్ళి గేటు దగ్గర నిలబడుతున్నాడు. అమ్మ పోయాక ఈ ఇంట్లో మేమిద్దరం కలిసి చేస్తున్న పని ఇదొక్కటే.

మొదట్లో విసుగే పుట్టింది. అయిదో వారం నుంచి ఏదో తెలుస్తోంది. ఎండ తలుపు అంచునుంచి కుర్చీ కాలిదాకా రావడానికి ఎంతసేపు పడుతుందో చూడకుండానే చెప్పగలను. నాన్న బయట సంతోషంగా ఉన్నాడో లేదో గొళ్ళెం చప్పుడుతోనే పోల్చుకుంటున్నాను. కెమెరాని ఒక అంగుళం కిందికి దింపితే గదికి ఎంత బరువు వస్తుందో చూశాను.

ఒక్కటే ఇబ్బంది. లోపలికి వచ్చాక నాన్న వెంటనే తలుపు వెయ్యడు. పట్టుకుని కాస్త వంగి రెండు సెకన్లు అలాగే ఉండిపోతాడు. షాట్ అక్కడ చచ్చిపోతోంది. అందుకని ప్రతి వారం ఆ ముక్క తీసేసి అతికాను, అతుకు కనపడకుండా. కార్డు నిండుతోందని తీసేసిన ముక్కల్ని కూడా చెరిపేశాను. నా చేతివాటం మీరు మెచ్చుకోవాలి.

మీ గడుగ్గాయి


మూడో అంతస్తు
గురువారం

అమ్మాయికి,

కార్డు అందింది, చూశాను. అతుకు కనపడుతోంది. తొమ్మిదింట్లోనూ తలుపు నీడ ఒక్కసారిగా జానెడు గెంతింది.

తీసినదాన్ని చెరిపెయ్యమని నీకు ఎవరు చెప్పారు? ఇక మీద ఏదీ చెరపకు. కత్తిరించకు కూడా. ఇంకో మాట. ఈ తలుపు షాట్ ఇక చాలు. నీకు రావలసింది వచ్చేసింది. వచ్చే వారం నుంచి మీ నాన్న మిషను దగ్గర పని చేస్తూ ఉంటే అది తియ్యి. చేతులు తియ్యి. చేతులు బాగుంటాయి.

ఒంట్లో బాగాలేదు. అందుకే రెండు ముక్కలతో ముగిస్తున్నాను.

అత్తయ్య


కుట్టు గది
పదిహేనో ఆదివారం, సాయంత్రం

అత్తయ్యకు,

ఒళ్ళెలా ఉంది? మీ ఉత్తరాల్లో మూడు వాక్యాలకి తక్కువగా తిట్లున్న ఉత్తరం ఇదే మొదటిది. అందుకే భయం వేసింది.

మీరు మానెయ్యమన్నా నేను మానలేదు. మీరే కదా వారం తప్పకుండా అదే చెయ్యమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఇప్పుడు వదిలేస్తే ఏం తెలుస్తుంది? కత్తిరించడం మాత్రం ఈ వారం నుంచి మానేశాను. దానికి బదులు ఈ రోజు నాన్నకే చెప్పాను. "నాన్నా, లోపలికి రాగానే తలుపు వేసెయ్. నీ వెనక ఎవరూ లేరు కదా" అన్నాను. నాన్న, "వెయ్యమంటావా?" అన్నాడు. వెయ్యమన్నాను.

వేశాడు. ఒక్క దెబ్బతో. పదిహేను వారాల్లో అంత శుభ్రమైన షాట్ రాలేదు. నేను 'కట్' అని, తల వంచుకుని పుస్తకంలో రాసుకుంటూ అరవై లెక్కపెడుతున్నాను. నాన్న కుర్చీలోంచి లేచిన చప్పుడు వినపడింది గానీ తలెత్తలేదు.

తర్వాత కార్డు పెట్టుకుని చూశాను. ముప్పై ఒకటో లెక్క దగ్గర నాన్న లేచాడు. పిల్లిలా వెళ్ళి తలుపు మళ్ళీ తీశాడు. పట్టుకుని నిలబడ్డాడు. ఖాళీగా ఉన్న కుడి చెయ్యి కిందికి దించి, అరచేతిని నేలవైపు తిప్పి, ముందుకి కదిలించాడు, ఎవర్నో లోపలికి తెచ్చుకుంటున్నట్టు. అప్పుడు తలుపు వేశాడు. నేను ఆయనకి నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉన్నాను అత్తయ్యా.

అమ్మ కోసమేనా? అమ్మని ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు అలాగే తలుపు పట్టుకున్నాడని నాకు గుర్తు. ఆయన్ని అడగడానికి నోరు రావడం లేదు. మీకు తెలిస్తే చెప్పండి.

మీ అమ్మాయి


మూడో అంతస్తు
తేదీ వెయ్యలేదు

అమ్మాయికి,

మీ అమ్మ కోసమే అయి ఉంటుంది. ముప్పై ఏళ్ళు కలిసి బతికినవాళ్ళకి అలవాట్లు పోవు. దాన్ని పట్టుకుని పీకులాడకు. వాణ్ణి ఏమీ అడగకు. తలుపు వెయ్యమని కూడా ఇంకెప్పుడూ చెప్పకు.

ఆ పదిహేనో షాట్ మళ్ళీ మళ్ళీ చూస్తున్నాను. తెర పైసగం మీద కాగితం అడ్డం పెట్టి కింద సగమే చూస్తున్నాను. తమ్ముడి కాలికీ తలుపుకీ మధ్య ఖాళీ ఉంది. అందులో ఎండ పడుతోంది. ఇలా ఎందుకు రాస్తున్నానో తెలియదు. నీ కథ సంగతి చూసుకో, గడువు దగ్గరపడుతోంది.

అత్తయ్య


కుట్టు గది
ఇరవై రెండో ఆదివారం

అత్తయ్యా,

మీరు నాకు అబద్ధం చెప్పారు. చూడమని నేర్పింది మీరే, ఇప్పుడు చూసింది రాస్తాను, వినండి.

పదహారు నుంచి ఇరవై ఒకటి దాకా ఆరు షాట్లు కత్తిరించకుండా ఉన్నాయి. ప్రతిదాంట్లో నాన్న చెయ్యి దిగి ఆగే చోట తెరమీద పెన్సిలుతో చుక్క పెట్టాను. ఆరు చుక్కలూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. అమ్మ నాన్న భుజం దాకా వచ్చేది. ఆ చెయ్యి తలుపు కింది గడియకి కాస్త పైన ఆగుతోంది. నాన్న టేపు తీసుకుని గడప మీంచి కొలిచాను. ముప్పై ఏడు అంగుళాలు.

నాన్న గురించి మీకు తెలుసు. వీధిలో పోయే పిల్లల్ని చూసి కొలత చెప్పేస్తాడు. ఈ రోజు మిషను మీద చొక్కా కుడుతున్నాడు. కుట్టు మీంచి కళ్ళు తిప్పకముందే అడిగేశాను. "నాన్నా, ముప్పై ఏడు అంగుళాల పిల్లకి ఎన్నేళ్ళుంటాయి?"

"మూడు నిండి ఉంటాయి. గౌనుకైతే మీటరు గుడ్డ చాలు. కింద మడత కాస్త ఎక్కువ వదలాలి, ఆ వయసులో ఊరికే పెరుగు..." అన్నాడు. మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపాడు. లేచి పెరట్లోకి వెళ్ళి పంపు తిప్పి మొహం కడుక్కుంటూ ఉండిపోయాడు, నీళ్ళు పోతూనే ఉన్నాయి. నేను వెళ్ళి పంపు కట్టేశాను. ఆయన నా మొహం చూడలేదు.

ఆ చెయ్యి ఇన్ని వారాల్లో ఒక్క అంగుళం కూడా పైకి రాలేదు అత్తయ్యా. మా ఇంట్లోకి ఆదివారం ఆదివారం ఎవరు వస్తున్నారు? ఆ తలుపు పక్కనే నేను ఇరవై ఆరేళ్ళుగా పెరిగాను. ఇప్పుడు ఇంట్లో ఒక్కదాన్నే ఉంటే ఆ వైపు వీపు పెట్టి కూర్చోలేకపోతున్నాను. ఈసారి నీళ్ళు నమలకుండా రాయండి. లేకపోతే అసలు రాయకండి.

మీ మేనకోడలు


మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
మంగళవారం పొద్దున మొదలుపెట్టి, బుధవారం ముగించింది

తల్లీ,

నీకు ఒక అక్క ఉండేది. నువ్వు పుట్టడానికి రెండేళ్ళ ముందు పోయింది. మూడేళ్ళ రెండు నెలల పిల్ల. ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తకూడదని మీ అమ్మ ఒట్టు పెట్టించుకుంది. ఫోటోలన్నీ పొయ్యిలో పెట్టింది. నువ్వు పుట్టాక నీకు చెప్పే రోజు రేపొస్తుంది, ఎల్లుండి వస్తుంది అనుకున్నాం.

మీ నాన్నకి వెనక వెనకే నడిచేది. ఆ రోజు నేను మీ ఇంట్లోనే ఉన్నాను. హాల్లో కిటికీ దగ్గర కూర్చుని మర్నాటి షూటింగ్ కాగితాలు సరిచూసుకుంటున్నాను. తమ్ముడు గేటు తీసుకుని వచ్చాడు. రెండు చేతుల్లోనూ గుడ్డల మూటలు. వెనకాల పిల్ల, వాడి చొక్కా అంచు పట్టుకుని. తలెత్తి చూసి మళ్ళీ కాగితాల్లోకి దిగాను. వాడు లోపలికొచ్చి, చేతులు ఖాళీ లేక తలుపుని మడమతో వెనక్కి తోశాడు. తిన్నగా కుట్టు గదిలోకి పోయాడు. వెనకాలే వచ్చిందనుకున్నాడు. ఎప్పుడూ వచ్చేది కదా.

పిల్ల బయట ఉండిపోయింది. గేటు తీసే ఉంది. వీధి మలుపులో ఒక లారీ వెనక్కి వస్తోంది. అంతకంటే రాయలేను.

వాడు తలుపు వేశాడని నీకు ఇప్పుడు తెలిసింది. వాడికి తెలియనిది ఒకటుంది. అది నేను చూశాను. కిటికీలోంచి ఇద్దర్ని చూశాను, తలుపులోంచి ఒక్కణ్ణే చూశాను. ముందు షాట్‌లో ఉన్నది తర్వాతి షాట్‌లో లేకపోతే చెప్పడమే నా ఉద్యోగం. నేను గమనించకపోవడం కాదు. గమనించాను. "పిల్ల ఏదిరా" అని నోటిదాకా వచ్చింది. పేజీలో ఇంకా నాలుగు వరసలున్నాయి. అవి చూసుకుని అడుగుదాంలే అనుకున్నాను. నాలుగు వరసలు, అంతే. ఏ నటి ఏ గాజులు వేసుకోవాలన్న వరసలు.

నెల తర్వాత వాడు నన్ను అడిగాడు. "అక్కా, నువ్వు కిటికీ దగ్గరే ఉన్నావు కదా, ఏమైనా చూశావా?" అని. లేదన్నాను. మీ అమ్మ వాడితో ఏడాదిపాటు మాట్లాడలేదు. అదంతా చూస్తూ కూడా చెప్పలేదు. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా కన్ను గుండుసూదిని కూడా వదిలిపెట్టలేదని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకున్న ప్రతిసారీ నాకు ఆ గేటు కనపడేది.

ఈ తలుపు షాట్ నేను చాలామంది పిల్లల చేత చేయించాను. నీకిచ్చేటప్పుడు ఏ తలుపో ఆలోచించలేదని రాద్దామని నిన్నంతా కూర్చున్నాను. అదీ అబద్ధమే అవుతుంది. ఆలోచించాను. నా నోటితో నేను చెప్పకుండా అది ఎలాగో బయటపడితే బాగుండుననుకున్నాను. నా పిరికితనానికి నీ కెమెరాని వాడుకున్నాను. వాడి చేత ఆ తలుపు మళ్ళీ మళ్ళీ వేయించాను. నా తమ్ముడికి నేను చేసింది ఇది.

ఈ ఉత్తరం వాడికి ఇవ్వు. కోపం వస్తే రానీ. నా మొహం చూడనంటే, వాడి ఇష్టం.

అత్తయ్య


ఇంట్లో, హాలు
ఇరవై ఎనిమిదో ఆదివారం

అత్తయ్యా,

ఇన్ని రోజులు రాయలేదు. ముందు నా సంగతి చెబుతాను. నాకు మీ ఇద్దరి మీదా కోపంగా ఉంది. అమ్మ మీద కూడా ఉంది, కానీ ఆమెతో పోట్లాడలేను. నాకొక అక్క ఉందని టేపు పెట్టి కొలిచి తెలుసుకోవలసి వచ్చింది. పద్నాలుగు ఆదివారాలు నేను ఆమెని శుభ్రంగా కత్తిరించి పారేశాను. పదిహేనోసారి నాన్న చేతే తలుపు వేయించాను. నిద్రలో కూడా ఆ దెబ్బ చప్పుడు వినిపిస్తోంది. మీరు ముందే చెప్పి ఉంటే అలా చేసేదాన్ని కాదు.

ఉత్తరం నాన్నకి ఇచ్చాను. మిషను దగ్గర నిలబడి రెండుసార్లు చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ పూటంతా మిషను తొక్కాడు, సూదిలో దారం లేదు. అయిదు ఆదివారాలు నాలుగు కొట్టినా లేవలేదు. నేనూ పిలవలేదు. ఒంటరిగా కెమెరా పెట్టి ఖాళీ తలుపుని తీసుకున్నాను. వారం తప్పకూడదన్నారు కదా.

మధ్యలో ఒక రోజు కంచం ముందు కూర్చుని, ఏమీ అడక్కుండానే అన్నాడు. "ఇన్నేళ్ళూ ఆ తలుపు నేనొక్కణ్ణే వేశాననుకున్నాను. మీ అత్తయ్య ఒక్క మాట చెప్పి ఉంటే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం." అంతే అన్నాడు. అన్నం తినకుండా లేచిపోయాడు. ఇది మీకు రాయకుండా దాచవచ్చు. మన ఇంట్లో దాచడం ఇక చాలనిపించి రాస్తున్నాను.

ఈ రోజు నాలుగింటికి తనే వచ్చాడు. "కెమెరా పెట్టావా?" అన్నాడు. గేటు దగ్గరికి పోలేదు. తలుపు బార్లా తీసి, గడప అవతల నిలబడి, "ఎలా వచ్చేదో చూపిస్తాను, తియ్యి" అన్నాడు.

అరవై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు. మునివేళ్ళ మీద లేచి, చొక్కా అంచు పట్టుకున్నట్టు ఒక చెయ్యి ముందుకి పెట్టి నడిచాడు. గడప దగ్గర ఆగి రెండు పాదాలూ కలిపి దానిమీద ఎక్కి నిలబడ్డాడు. ఎవరూ చెయ్యి పట్టుకోకూడదట. అక్క తనంతట తనే ఊపిరి బిగబట్టి లోపలికి ఒక్క గెంతు గెంతేదట. ఆ రెండు సెకన్లూ దానికే. నాన్న కూడా గెంతాడు. తూలి గోడ పట్టుకున్నాడు. నేను లేవబోతే వద్దని చెయ్యి ఊపి, మళ్ళీ బయటికి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. నాలుగుసార్లు. ఏడుస్తూనే, నవ్వుతూ కూడా ఉన్నాడు. ఇరవై ఎనిమిది వారాల్లో ఒక్కసారి కూడా ఆయన అంత బాగా నటించలేదు. నాకు కన్నీళ్ళతో తెర కనపడలేదు, కానీ కెమెరాని కదల్చలేదు.

'కట్' నేను చెప్పలేదు. నాన్నే కుర్చీలో కూలబడి, అక్క పేరు చెప్పాడు. నాకు మొదటిసారి వినపడింది. ఉత్తరంలో రాయను, కార్డులో ఆయన గొంతుతోనే ఉంది. చెవులు పనిచేయకపోతే పెదాలు చూడండి.

గడువు ఇంకా పన్నెండు రోజులుంది. ఇది పంపడమా మానడమా నాన్న ఇష్టం. ఆయన ఇంకా చెప్పలేదు, ఎందుకంటే ఒక అనుమానం తీరాలట. కార్డు కవర్లో పెడుతుంటే పక్కన నిలబడి నా చేత ఈ మాటలు రాయిస్తున్నాడు, తన మాటలే రాస్తున్నాను.

"గెంతే ముందు వెనక్కి తిరిగి గేటు వైపు చూసేదా, చూడకుండానే గెంతేదా, అది నాకు గుర్తు రావడం లేదక్కా. నాలుగుసార్లు నాలుగు రకాలుగా చేశాను. నువ్వు అన్నీ చూసేదానివి. ఈ నాలుగింట్లో ఏది మన పిల్లో చెప్పు. అమ్మాయికి రాయకు, నాకు రాయి."